పోయే దినం, ఉండే దినం

మొన్న ఎల్లారెడ్డిల మా తల్లిగారింటికి పోయి, మర్ల కామారెడ్డికి బస్సుల వస్తున్న. నా ముందు సీట్ల కూసున్న ఒకామె టికెట్ తీసుకున్నంక కండక్టర్‌ను అడిగింది: "సారూ, నేను దిగేది కామారెడ్డిలనే. గని ఈ బస్సు ఆఖరుకు ఏడిదాక పోతది?"

"నువ్వు దిగినంక అది ఏడికి పోతే నీకెందుకమ్మా?" అన్నడు కండక్టర్.

నాకు ఒక్కసారే నవ్వు పొంగుకొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలే. పక్కన కూసున్న పెద్దాయన నన్ను ఒక తీరు చూసి జర అవుతలికి జరిగిండు. కిటికీ దిక్కు మల్లితే అద్దంల నా మొఖం నాకే కనవడి ఇంకింత నవ్వొచ్చింది.

ఎందుకంటే ఆ ప్రశ్న మా అక్కది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నాకు మిషను కుట్టుడు నేర్పినామె. ఏ బస్సెక్కినా అది ఆఖరుకు ఏడిదాక పోతదో తెల్సుకోకుంటే ఆమెకు సీట్ల కూసున్నట్టే అనిపించకపోయేది. నిజామాబాద్ అంటే నిజామాబాద్, హైదరాబాద్ అంటే హైదరాబాద్. ఆ పేరు విని "అబ్బో" అనుకొని, ఆడిదాక పోయొచ్చినంత సంబురంతోని కామారెడ్డిల దిగిపోయేది. దారాలు, గుండీలు, లైనింగ్ బట్ట కొనుక్కొని మర్ల ఎల్లారెడ్డి బస్సెక్కేది. ఎక్కి, ఆ కండక్టర్‌ను గూడ అడిగేది.

మా గల్లీలనే ఆమె ఇల్లు. ముందటి అర్రల రెండు మిషన్లు, ఒకటి ఆమెది, ఒకటి నేర్చుకునేటోళ్లది. ఇంటర్ అయినంక నేను పోయి ఆ రెండో మిషను ముందట కూసున్న, ఏండ్లకేండ్లు లేవలే.

అక్క పొట్టిగ, బొద్దుగ ఉండేది. మెడల టేపు ఎప్పటికీ ఏలాడేది. ఒకసారి గల్లీల పెండ్లికి పోయి అక్షింతలేసొచ్చినంక చూసుకుంటే టేపు మెడలనే ఉన్నది. ఆ పెండ్లి ఫోటోలల్ల ఇప్పటికీ పట్టుచీర మీద, పుస్తెలతాడు పక్కన, పచ్చటేపు కనవడుతది. ముచ్చటకంటే ముందుగాల ఆమె నవ్వే ఎల్లేది. సగం ముచ్చట్లు నవ్వుకే ఖర్చయిపోయి, అసలు ఏం చెప్పాల్నని మొదలుపెట్టిందో మాకు తెల్వకుంటనే ఉండిపోయేది.

కొలతలు తీసేటప్పుడు ఆడోళ్లు ఊపిరి బిగవడుతరు, సన్నగ కనవడాల్నని. అక్క ఒప్పకపోయేది. "ఇట్ల బిగవట్టి కొలతిస్తే రేపు దావత్‌ల బువ్వెట్ల తింటవే?" అనేది. అయినా వదలకుంటే ఏదో ఒకటి చెప్పి పక్కున నవ్వించి, ఆ నవ్వులనే టేపు చుట్టేది. ఆమె కుట్టిన జాకిట్ ఏసుకొని ఎంత నవ్వినా కుట్లు పోయినట్టు నేను ఎన్నడు ఇనలే.

అసొంటామె ఒకనాడు మిషను తొక్కుడు ఆపి, "నేను మస్కట్ పోదామనుకుంటున్ననే" అన్నది.

ఆడ ఆడోళ్ల బట్టలు కుట్టే షాపుల మనిషి కావాలని కామారెడ్డిల దారాల షాపామె చెప్పిందంట. చెప్పి ఆమె మర్చిపోయింది. అక్క మర్చిపోలే.

మా దిక్కు గల్ఫుకు పోవుడు కొత్తేం కాదు. ఇంటికొకరు పోయినోళ్లే. గని పోవుడుకు ఒక కారణముండాలె. అప్పన్న కావాలె, బోరన్న ఎండాలె, ఇంట్ల పొయ్యన్న ఆరాలె. అక్కకు అయ్యేం లేకుండె. బావ ఆటో నడిపేటోడు. మెత్తటి మనిషి, పొద్దంత ఆటో నడిపి ఇంటికొచ్చి, ఛాయ్ తాగుకుంట అక్కకు కాజాలు కుట్టిపెట్టేటోడు. ఒక్కతే బిడ్డ, గురుకులం హాస్టల్ల సదువుకుంటుండె. అత్తకోడండ్లు గూడ ఒక్కటే కంచంల తినేటంత దోస్తులు. అందుకే గల్లీకి గల్లీ పరేషాన్ అయ్యింది.

"ఏం కష్టమొచ్చిందే నీకు?" అని అడిగింది ఎదురింటామె.

"ఏం రాలే."

"మొగడు తాగుతుండా?"

"తాగుతడు. ఛాయ్."

"మరెందుకు పోతవే?"

"పోబుద్ధయితుంది వదినా."

ఈ ఒక్క మాట ఎవ్వలికీ మింగుడు పడలే. కడుపుల ఎంత బాధ దాస్తుందో పాపమని ఎదురింటామె ఏడ్వవట్టింది. అక్కనే లోపలికి పోయి ఛాయ్ పెట్టుకొచ్చి ఆమెను ఊకుంచింది.

బావ ఒక్కటే అడిగిండు. "నేనేమన్న తక్వ చేసిన్నా?"

"నువ్వేం తక్వ చెయ్యలే. నాకే ఇంకింత చూడాల్నని ఉన్నది" అన్నది అక్క.

బావ తల ఊపి కాజాలు కుట్టుకుంట కూసున్నడు. ఆ దినం ఆయన కుట్టిన కాజాలు గుండీలకంటే పెద్దగయినయ్. అన్ని ఇప్పి మర్ల నేను కుట్టిన.

గమ్మతేందంటే, గల్లీకంతా జవాబిచ్చిన అక్కకే లోపల తేలలే. పొద్దున పోత అనేది, మాపటికి పోను అనేది. ఆఖరుకు ఒక ఉపాయం తీసింది. "అంగి కొనేముందు ఏసుకొని చూస్తమా లేదా? ఇది గూడ గంతే" అన్నది. ఒక దినం పోయే దినం, దాని తెల్లారి ఉండే దినం. పోయే దినం నాడు పోతున్నట్టే బతకాలె. ఉండే దినం నాడు పోను గాక పోను అన్నట్టు బతకాలె. ఏది ఒంటికి సరిగ కూసుంటదో చూడాలె.

పోయే దినమొస్తే ఇంట్ల ఉర్దూ తప్ప ఇంకోటి లేదు. బావను "ఆటో నికాలో జీ" అనేది. ముందటి అర్రల కూసొని ఎనక అర్రల ఉన్న అత్తకు ఫోన్ చేసేది. "హలో అత్తా, మస్కట్‌కెల్లి మాట్లాడుతున్న. పాణం మంచిగున్నదా? ఏం కూర చేసిండ్రు?" నడుమ ఒక్క గోడ. కూర వాసన ఈడిదాక వస్తనే ఉండేది. అయినా ఆ అత్త, మేమంతా అవ్వ అనేటామె, గూడ ఫోన్ చెవికి గట్టిగ అదుముకొని, దూరముందని ఇంకా గట్టిగ ఒర్లేది: "చిక్కుడుకాయ చేసిన బిడ్డా! ఆడ ఎండలెట్లున్నయి?"

"మస్తు కొడుతున్నయత్తా!"

నేను మిషను మీద వడి నవ్వేదాన్ని. ఒకసారి మాత్రం ఆ ఫోన్ పెట్టేసినంక అక్క చీర కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. "ఏందే, నిజంగనే దూరమున్నట్టనిపించింది" అన్నది. లేచి ఎనక అర్రలకు పోయి, అవ్వను ఒకసారి ముట్టుకొని వచ్చి, మర్ల మిషను తొక్కుడు షురూ చేసింది.

ఉండే దినం నాడు పెరట్ల బీరగింజలు పెట్టేది. దసరా బట్టలు ఇప్పుడే ఒప్పుకునేది. "నన్ను ఈ ఊర్లకెల్లి కదిపేటోడు ఎవడే?" అని కాలు మీద కాలేసుకొని కూసునేది. గని రోడ్డు మీద బస్సు సప్పుడయితే చాలు, తల దానంతటదే ఆ దిక్కు తిరిగేది.

ఊరు గూడ అలవాటు వడ్డది. బావ ఆటో ఎక్కినోళ్లు కూసుంటనే "ఇయ్యాల ఏ దినం?" అని అడిగేటోళ్లు. బట్ట తెచ్చినోళ్లు గడప కాడ నిలవడి "ఉండే దినమేనా? ఇయ్యమంటవా?" అనేటోళ్లు.

వానలు బాగ వడి నిజాంసాగర్ గేట్లు ఎత్తిండ్రని తెలిసిన నాడు పోయే దినం. అక్క పొద్దుగాలనే పులిహోర చేసింది. "మస్కట్‌ల సముద్రముంటదంట. నేను గంత నీళ్లు ఎన్నడు చూడలే. తీరా పోయి భయపడితే ఎట్ల? ముందుగాల ఈ పెద్దనీళ్లు చూసొద్దాం" అన్నది. బావ ఆటో నడుపుతుండె, ఎనక అక్క, అవ్వ, నేను, నా ఒళ్లె పులిహోర గిన్నె. ప్రతి గుంతకు అక్క "విమానం లేస్తుంది!" అని ఒర్లేది, అవ్వ నా చెయ్యి పట్టుకొని నిజంగనే లేస్తున్నట్టు కండ్లు మూసుకునేది.

అవ్వ పుట్టింది, పెరిగింది అంతా ఎల్లారెడ్డి చుట్టువక్కలనే. బాన్సువాడ దిక్కు బియ్యం తిన్నది గని ఆ వరికి పారే నీళ్లు ఏడికెల్లి వస్తయో ఎన్నడు చూడలే.

గేట్ల కాడ ఆ సప్పుడు! మాట్లాడితే ఎవ్వలికి ఇనవడకపోయేది. తుంపరంతా లేచి మీద వడుతుంది. జనం సెల్ఫీలు దిగుతుండ్రు, మొక్కజొన్న కంకులు కాలుస్తుండ్రు. అవ్వ కట్ట మీద నిలవడి చూసింది, చూసింది, ఎంత సేపు చూసిందో. తర్వాత గిర్రున మల్లి బావ మీద కోపానికొచ్చింది.

"ఇంత నీళ్లు ఇంత దగ్గర పెట్టుకొని ఇన్నేండ్లు నాకొక్కలన్న చెప్పలేదేందిరా?"

"నువ్వడగలే కదనే అవ్వా" అన్నడు బావ.

"అడగాల్నని నాకెవడు చెప్పిండు?"

అవ్వ అట్లనే కోపంగ కోడలు దిక్కు మల్లింది. "నువ్వడిగినవ్. పో. మళ్ల ఉండే దినం గిండే దినమన్నవంటే చూడు."

అక్క నవ్వింది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు తెల్వలే, మొఖమంతా తుంపరే. అవ్వను పట్టుకొని గుంజి తిప్పవట్టింది, అవ్వ "వడ్తనే, ఇడువే" అని ఒర్లుకుంటనే తిరిగింది. పక్కపొంటి పోరగాండ్లు సీటీలు కొట్టిండ్రు. బావ ఆటో కాడికి పోయి సీటు తుడుచుకుంట, ఎవ్వలి దిక్కు చూడకుండ అన్నడు: "పాస్‌పోర్టుకు ఫోటో దిగాలె. రేపు కామారెడ్డి పోదాం."

పులిహోర తడిసింది. తడిసిందే అందరం తిన్నం.

కాయిదాలన్ని అయినంక పోయే తేదీ వచ్చింది. కామారెడ్డి బస్టాండు దాక అందరం పోయినం, ఆడికెల్లి అక్క, బావ హైదరాబాద్ బస్సెక్కాలె. బస్సొచ్చి నిలవడ్డది. అక్క బెంచీ మీదకెల్లి లెవ్వలే.

"నాకు కాళ్లు వస్తలేవు" అన్నది. మొఖం తెల్లగయ్యింది. అట్లాంటి మొఖం ఆమెకుంటదని నాకు గప్పటిదాక తెల్వదు. "లెక్క ప్రకారం ఇయ్యాల ఉండే దినం. పోయే దినం నిన్ననే అయిపోయింది."

బస్సు హారన్ కొడుతుంది. ముచ్చట్లు ఎక్వ తెల్వని బావ ఆమె పక్కన కూసొని మెల్లగ అడిగిండు.

"నిన్న రాత్రి నువ్వు నిద్రపోయినవా?"

"లే. కన్ను మూతవడలే."

"నిద్రపోకుంటే దినం ఎట్ల మారుతది? నీకింకా నిన్ననే నడుస్తుంది."

అక్క ఆయన మొఖం దిక్కు చూసింది. పెండ్లయినకాన్నుంచి ఇంత మాట ఈయన ఏడ దాచిపెట్టిండు అన్నట్టు చూసింది. చూసి నవ్వు షురూ చేసింది. బస్టాండంతా మల్లి చూసేటట్టు, పల్లీలమ్మేటామె గూడ నవ్వేటట్టు నవ్వింది. నవ్వుకుంటనే బ్యాగెత్తుకొని బస్సెక్కింది. ఆ ఒక్క దినమే ఆమె కండక్టర్‌ను ఏమడగలే.

ఆమె పోయినంక షాపు నేనే చూసుకున్న. ఏడాది దాటినంక వీడియో కాల్‌ల అక్క. "మా షాపుల ఇంకో మనిషి కావాలె. నువ్వు రా" అన్నది. కామారెడ్డిల రోడ్డు దాటాల్నంటే ఒకరి కొంగు పట్టుకునేదాన్ని నేను. "నేను గూడ పోయే దినాలు, ఉండే దినాలు పెట్టుకొని చూసి చెప్పనా అక్కా?" అన్న.

"నువ్వు పెట్టుకోకు. నీకు అన్ని ఉండే దినాలే వస్తయ్. ఊకె వచ్చెయ్" అన్నది.

మా అమ్మ వద్దన్నది. ఈ మాటకు అక్క అన్న "అన్ని ఉండే దినాలే" గుర్తుకొచ్చి నాలో నేనే నవ్వుకుంట, పోత అన్న.

మస్కట్‌ల అక్క మంచిగ కుదురుకున్నది. వచ్చిన కొత్తల షాపు మేడమ్ "యల్లా, యల్లా" అన్నదంట, అంటే అరబ్బీల జల్ది కానియ్యి అని. అక్క ఊరి పేరు అడుగుతుందనుకొని "అవును మేడమ్, ఎల్లారెడ్డే! మీకెట్ల తెల్సు?" అన్నదంట. మేడమ్ మర్ల "యల్లా" అంటే, ఇంత పెద్ద మనిషికి మా ఊరు తెల్సని పొంగిపోయి, కుట్టుడు ఆపి ఊరి ముచ్చట్లన్ని చెప్పిందంట. అరబ్బీ, హిందీ, తెలుగు కలిపి ఆమె మాట్లాడేది ఆ మూడింట్ల ఏదొచ్చినోళ్లకూ అర్థం కాకపోయేది, అయినా పని ఆగకపోయేది. కొలతలకొచ్చిన ఆడోళ్ల ముందు బుగ్గలు ఉబ్బిచ్చి, ఊపిరి బిగవట్టినట్టు చేసి చూపిస్తే వాళ్లు పడి పడి నవ్వేటోళ్లు.

నేను మాత్రం నెల దాక మనిషిని కాలే. షాపు, రూము, రూము, షాపు. కుబూస్ రొట్టె గొంతు దిగకపోయేది. దిండుల మొఖం పెట్టి ఏడ్చేదాన్ని. ఒక శుక్రారం, సెలవు నాడు, అక్క నా దిండు గుంజి పడేసింది.

"నీ బాధేందో నాకు తెల్సు. నువ్వు ఈ ఊర్ల ఇంకా ఎవ్వలితోని కొట్లాడలే."

"కొట్లాడుడేందక్కా?"

"చుట్టాలింట్ల కొట్లాడుతమా? అన్ని మంచిగున్నయంటం, కడుపు మాడ్చుకొని వస్తం. మనింట్లనే కొట్లాడుతం. కొట్లాడందాక ఈ ఊరు నీకు చుట్టాలిల్లే. నడువ్."

మా గల్లీ మూలకు ఒక మలయాళీ పెద్దాయన కూరగాయల షాపుండె. అక్క నన్ను లోపలికి నూకి తాను బయట నిలవడ్డది. "దేని గురించి కొట్లాడాలె?" అని నేను గొణిగితే, "చూడు, ఏదో ఒకటి దొర్కుతది. దేవుడు అంత అన్యాయం చెయ్యడు" అన్నది.

టమాటలు చూసిన, గులాబీ లెక్కనున్నయ్. ఉల్లిగడ్డలకు పేరు పెట్టనీకి లేదు. పైగా ఆయన నవ్వుకుంట కరివేపాకు ఊకెనే చేతుల పెట్టిండు. నేను బయటికొచ్చి "చాన మంచోడక్కా" అన్న. అక్క నన్ను మర్ల లోపలికి నూకింది. అప్పుడు కనవడ్డయ్ బెండకాయలు. ఒకటి తీసి కొస విరిస్తే విరగలే, తాడు లెక్క వంగింది.

"భయ్యా, యే భేండీ బుడ్డీ హై" అన్న, ముదిరినయని చెప్పనీకి.

"నై నై, ఫ్రెష్, ఫ్రెష్" అన్నడు ఆయన.

ఏమయ్యిందో నాకు తెల్వదు. నెల దినాలకెల్లి లోపల ఉన్నదంతా నోట్లకొచ్చింది. హిందీ ఒక్క ముక్కకే అయిపోయింది, తెలుగు అందుకున్న. "తాజానా? దీన్నెవడన్న తాజా అంటడా? దీనితోని బర్రెను కట్టేయొచ్చు! మా ఎల్లారెడ్డిల అయితే బర్రె గూడ తినది, తెల్సా?" ఆయన గూడ మలయాళంల లేసిండు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు, ఇద్దరం ఒకరికొకరం తగ్గుతలేం. గిరాకొచ్చినోళ్లు గుమిగూడిండ్రు. బయట అక్క రెండు చేతులెత్తి నన్ను ఉసికొల్పుతుంది. ఆఖరుకు ఆయన కోపంగ తానే ఒక బెండకాయ తీసి విరిచిండు. వంగింది. ఇంకోటి తీసిండు, అదీ వంగింది. దాన్ని అట్ల ఇట్ల తిప్పి చూసి, నా దిక్కు చూసి, పక్కున నవ్విండు. లోపలికి పోయి లేత బెండకాయలున్న డబ్బ మోసుకొచ్చి నా ముందట పెట్టిండు.

నేను ఆ బెండకాయలు కొనుక్కొని బయటికొచ్చిన. ఒళ్లంతా గాలిల తేలినట్టున్నది. "అక్కా, నాకు ఆకలయితుంది" అన్న.

అక్క నన్ను రోడ్డు మీదనే అలుముకున్నది. "నెల కింద ఒట్టి విమానం వచ్చిందే. నువ్వు ఇయ్యాల వచ్చినవ్" అన్నది. ఆ దినం బెండకాయ ఏపుడుతోని ఎంత తిన్ననో! నిద్ర లేచేటాలకు ఎండ మారిపోయింది.

అట్ల ఆ ఊర్ల ఏండ్లు గడిచినయ్. బావ, బిడ్డ వచ్చి పోయిండ్రు, అక్క సెలవుల ఇంటికి పోయొచ్చింది. తర్వాత నాకు కామారెడ్డి సంబంధం కుదిరి నేను తిరిగొచ్చిన. ఏర్‌పోర్టుకు అక్కనే తోలుకపోయింది. లోపలికి పోయినంక అద్దం అవుతలకెల్లి ఆమె ఏదో గట్టిగ చెప్పింది. నాకు ఇనవడలే. చెయ్యి పైకెత్తి గుండ్రంగ తిప్పింది. దీవిస్తుందనుకున్న. నా కండ్ల నీళ్లు ఆగలే, తల ఊపిన. ఆమె ఇంకింత జోరుగ తిప్పింది. ఇంత ప్రేమనా నా మీద అని రెండు చేతులు జోడిచ్చి, వంగి దండం పెట్టిన. ఆమె నెత్తికి చెయ్యి పెట్టుకున్నది. నేను ఏడ్చుకుంట పోయి విమానమెక్కిన.

ఇంటికొచ్చి బ్యాగు ఇప్పితే అడుగుల మస్కట్‌ల మా రూము తాళంచెవి ఉన్నది. ఫోన్ చేసిన.

"తాళంచెవి నీ దగ్గరున్నదా అని అంత అడుగుతుంటే దండాలేందే? రూమోళ్లు వచ్చేదాక గడపల కూసున్న!" అన్నది అక్క. నవ్వుతోని మధ్యమధ్య మాట తెగిపోతుంది.

"దీవిస్తున్నవనుకున్న అక్కా. మనూరోళ్లు ఎవలన్న వస్తుంటే పంపుత."

"పంపకు. నేను ఇంకోటి చేయించుకున్న. నీ దగ్గరనే ఉండనియ్యి. గని వస్తే మాత్రం శుక్రారం పొద్దుగాల వచ్చి నన్ను లేపకు. తలుపు నువ్వే తీసుకొని రా."